ఇనూయిట్ మహిళలు కుటుంబాన్ని వదిలేసి సిటీకి ఎందుకు వస్తారు? ఒట్టావాలో పన్నెండేళ్లుగా చూసింది చెబుతున్నాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ఒట్టావాలో సోషల్ వర్క్ మాస్టర్స్ చేస్తున్నారు, వచ్చే వారం నుంచి ప్లేస్‌మెంట్. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇనూయిట్ కుటుంబాలు, అంటే కెనడా ఉత్తర కొసన ఆర్కిటిక్ ప్రాంతపు మూలవాసులు. పాత ఫైళ్లు చదువుతుంటే మీకో అనుమానం వచ్చింది: "ముసలి తల్లిదండ్రుల్ని, కొందరైతే పిల్లల్ని కూడా ఉత్తరాన వదిలేసి ఈ ఆడవాళ్లు సిటీకి ఎందుకు వచ్చేస్తున్నారు? బాధ్యత తప్పించుకోవడానికేనా? ఇంటర్వ్యూలో ఏం అడగాలి? మొదటిసారి వాళ్లింటికి వెళ్లేటప్పుడు ఏమైనా తెలుసుకుని వెళ్లాలా?"

సూటిగా చెబుతాను. తప్పించుకోవడానికి కాదు. నాకు ఎదురైనవాళ్లలో ఎక్కువమంది ఎవరో ఒకరిని చూసుకోవడానికే ఊరు దాటారు. దాటాక ఆ చాకిరీ తగ్గలేదు సరికదా, రెండు చోట్లా నెత్తిన పడింది. మన ఫైళ్లలో అందులో ఒక్క చోటు మాత్రమే కనిపిస్తుంది. అందుకే చదివితే వదిలేసి వచ్చినట్టు అనిపిస్తుంది.

నేను విజయవాడలో నర్సింగ్ చదివి, ఇక్కడికొచ్చాక పన్నెండేళ్లుగా కమ్యూనిటీ హెల్త్‌లో పనిచేస్తున్నాను. నేను తిరిగేది ఎక్కువగా ఒట్టావాలోని వానియే పేట ఇళ్లలో. కింద చెప్పే కేసుల్లో వివరాలు మార్చాను, ఎవరూ గుర్తుపట్టలేరు. ఇంకో మాట. నేను బయటి మనిషిని. ఇనూయిట్ మహిళలు తమ గురించి తామే చెప్పుకోవడానికి 1984లోనే పౌక్టూటిట్ అనే జాతీయ సంఘం పెట్టుకున్నారు. నా జవాబు చదివాక వాళ్ల రిపోర్టులు తప్పకుండా చదవండి.

ముందు భూగోళం కాస్త చూద్దాం, లేకపోతే మిగతాది అర్థం కాదు. 2021 జనాభా లెక్కల్లో కెనడాలో ఇనూయిట్ దాదాపు 70,500 మంది. వాళ్ల సొంత ప్రాంతాన్ని ఇనూయిట్ నునంగాట్ అంటారు. ఉత్తరాన నాలుగు ముక్కలుగా, 51 ఊళ్లుగా ఉంటుంది. ఆ ప్రాంతం బయట ఉంటున్నవాళ్లు 2016లో 27 శాతం, 2021కి 31 శాతం అయ్యారు. బయట ఎక్కువమంది ఉన్నది మన ఒట్టావా-గాటినో చుట్టుపక్కలే. సెన్సస్ ఇక్కడ రెండు వేల లోపే చూపిస్తుంది గానీ, అసలు సంఖ్య అంతకంటే చాలా ఎక్కువని ఇక్కడి ఇనూయిట్ సంస్థలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. వాళ్ల మాటే నిజమని నాకనిపిస్తుంది. చెల్లెలి సోఫా మీద పడుకునే మనిషి సెన్సస్ ఫారం ఎక్కడ నింపుతుంది?

ఆ నాలుగు ముక్కల్లో ఒకటి నూనవుట్. అందులో 25 ఊళ్లున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. ఎక్కడికి వెళ్లాలన్నా విమానమే. రాజధాని ఇకాలుయిట్ నుంచి ఒట్టావాకి రెండు వేల కిలోమీటర్ల పైమాటే, మూడు గంటల ప్రయాణం. చిన్న ఊళ్ల నుంచైతే రానుపోను టికెట్ వేల డాలర్లు. "సెలవుల్లో ఓసారి ఇంటికెళ్లి చూసి రాకూడదా" అని మనం తేలిగ్గా అనే మాట అక్కడ చెల్లదు.

ఇక ఎందుకు వస్తారన్నది. అందరికంటే ముందు జబ్బు. చిన్న ఊళ్లలో ఉండేది నర్సులు నడిపే హెల్త్ సెంటర్. ఇకాలుయిట్‌లో ఆసుపత్రి ఉంది గానీ క్యాన్సర్ చికిత్స, గుండె ఆపరేషన్ లాంటివి అంటే చాలావరకు దక్షిణానికి రావాల్సిందే. నూనవుట్‌లో బాఫిన్ దీవి వైపు వాళ్లు ఒట్టావాకి, కివల్లిక్ వైపు వాళ్లు విన్నిపెగ్‌కి, ఇంకో ముక్క అయిన నూనవిక్ (ఉత్తర క్యూబెక్) వాళ్లు మాంట్రియల్‌కి వస్తారు. పేషెంట్ వెంట ఒకరిని పంపిస్తారు, వాళ్లని ఎస్కార్ట్ అంటారు. పేపర్ మీద ఎస్కార్ట్ అంటే తోడు వచ్చిన మనిషి, అంతే. నిజానికి ఆమె దుబాసీ, నర్సు, వంటమనిషి, డాక్టరు చెప్పింది ఇంటికి ఫోన్ చేసి చెప్పే మనిషి, అన్నీ. నేను చూసినంతలో ఆ పని కూతురికో, కోడలికో, మనవరాలికో పడుతుంది. నా దగ్గరకొచ్చిన ఒకామె తల్లికి తోడుగా మూడు వారాలకని వచ్చింది. చేతిలో ఒక్క బ్యాగు. తల్లి చికిత్స సాగుతూ పోయింది. మధ్యలో ఆమె ఉద్యోగం పోయింది. ఉత్తరాన ఉన్న ఇద్దరు పిల్లలు తల్లి మీద బెంగపెట్టుకున్నారని ఇక్కడికే తెచ్చుకుంది. నేను మొదట కలిసేసరికి రెండేళ్లు దాటింది. ఫైలులో ఆమె గురించి రాసిన వాక్యం: "స్వచ్ఛందంగా ఒట్టావాకి మారారు."

తల్లిని ఒక్కదాన్నే పంపొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. దీని వెనకాల ఒక పాత గాయం ఉంది. 1950లు, 60ల్లో టీబీ పరీక్షలకని సి.డి. హౌ అనే ఓడ ఊరూరా తిరిగేది. ఎక్స్‌రేలో టీబీ కనపడితే అట్నుంచి అటే దక్షిణాది శానటోరియానికి, అంటే టీబీ ఆసుపత్రికి. ఇంటికెళ్లి చెప్పి రావడానికి కూడా చాలామందిని దిగనివ్వలేదు. 1956 నాటికి ఇనూయిట్‌లో ప్రతి ఏడుగురిలో సుమారు ఒకరు అలా దక్షిణాన మంచం మీద ఉన్నారు. కొందరు తిరిగి రాలేదు, ఎక్కడ పాతిపెట్టారో ఇంటివాళ్లకి కబురు కూడా లేదు. 2019 మార్చిలో అప్పటి ప్రధాని ట్రూడో ఇకాలుయిట్ వెళ్లి దీనికి క్షమాపణ చెప్పారు. ఆ సమాధులు వెతికిపెట్టే నానిలవుట్ అనే కార్యక్రమం అప్పుడే మొదలైంది. ఇప్పుడు డెబ్భై, ఎనభైల్లో ఉన్న పెద్దవాళ్లకి ఇది చరిత్ర పాఠం కాదు, వాళ్లమ్మ కథ. "ఒట్టావా ఆసుపత్రికి పంపిస్తున్నాం" అన్న మాట వాళ్ల చెవికి ఎలా వినపడుతుందో ఊహించండి. కూతురు వెంట రాక ఏం చేస్తుంది?

పురుడు ఇంకోటి. చాలా ఊళ్లలో కాన్పులు చెయ్యరు. నెలలు నిండటానికి కొన్ని వారాల ముందే గర్భిణిని విమానం ఎక్కించి ఇకాలుయిట్‌కో, ప్రమాదం ఉందనుకుంటే ఒట్టావాకో పంపిస్తారు. ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని చూసేది ఆమె అమ్మో, అక్కో. అంటే ఒక కాన్పుకి ముగ్గురు ఆడవాళ్ల పని తారుమారు. ఇక్కడ నాకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. మన ఇళ్లలో కూతురి పురిటికని అమ్మ విజిటర్ వీసా తీసుకుని ఆవకాయ జాడీతో సహా టొరంటోలో దిగుతుంది. వీళ్లది సొంత దేశం, సొంత నేల, అయినా తల్లి పక్కన ఉండటానికి దారి లేదు. ఇలాగే జరగాలనేం లేదు కూడా. నూనవిక్‌లోని పువిర్నిటుక్‌లో ఆడవాళ్లే పట్టుబట్టి 1986లో మంత్రసానుల కేంద్రం పెట్టించుకున్నారు. అప్పటినుంచి అక్కడ స్థానిక ఇనూయిట్ మహిళలే శిక్షణ పొంది పురుళ్లు పోస్తున్నారు.

పిల్లలకి మాట రాకపోతే, వినికిడి లోపం ఉంటే, ఆటిజం ఉంటే థెరపీ కోసం వచ్చేస్తారు. పెద్దవాళ్లకి మతిమరుపు జబ్బు ముదిరితే సొంత ఊళ్లో చూసుకునే చోటు లేక నూనవుట్ నుంచి ఒట్టావాలోని వృద్ధుల హోమ్‌కి పంపించిన కేసులు చాలా ఉన్నాయి. ఇనుక్టిటుట్ తప్ప ఇంకో భాష రాని ముసలావిడని ఇంగ్లీషు మాట్లాడే హోమ్‌లో ఒంటరిగా వదల్లేక, వెనకాలే మనవరాలు వచ్చి దగ్గర్లో గది అద్దెకి తీసుకున్న కేసు నాకు తెలుసు.

ఆ తర్వాత ఇల్లు. 2021 లెక్కల్లో ఇనూయిట్ నునంగాట్‌లో సగానికి పైగా ఇనూయిట్ ఇరుకు ఇళ్లలోనే ఉంటున్నారు. మూడు గదుల్లో పది మంది, వంతులవారీగా నిద్ర. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే పారిపోవడానికి ఇంకో ఇల్లు ఉండాలి కదా. 51 ఊళ్లలో 70 శాతానికి పైగా ఊళ్లకి ఆడవాళ్ల షెల్టరే లేదని పౌక్టూటిట్ చెబుతోంది. అప్పుడు విమానమే షెల్టర్. ఇలా వచ్చినవాళ్లు "తప్పించుకున్నారు" అంటే ఒప్పుకుంటాను, కానీ తప్పించుకున్నది దెబ్బల నుంచి. పిల్లల్లో ఒకరిని అమ్మ దగ్గర ఉంచి, ఇద్దరిని చంకనేసుకుని వచ్చిన తల్లిని "ఒక బిడ్డని వదిలేసింది" అని రాయడం అన్యాయం.

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. వాళ్ల లెక్కలో కుటుంబం అంటే ఎవరు?

నా మొదటి ఏడాదిలో ఒక ఇంటికి వెళ్లాను. వంటింట్లో నేల మీద అట్టముక్క పరిచి ఉంది, దాని మీద ఉత్తరం నుంచి ఎవరో మోసుకొచ్చిన చార్ చేప, గడ్డకట్టి రాయిలా. తల్లి ఊలూతో, అంటే ఆడవాళ్లు వాడే అర్ధచంద్రం కత్తితో, పలుచగా చెక్కి పిల్లలకి ఇస్తోంది. ఫోన్ గోడకి ఆనించి ఉంది, వీడియో కాల్‌లో వాళ్లమ్మ. కాల్ అలా నడుస్తూనే ఉంది, ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. నా దగ్గర ఫారం. "మీ మీద ఆధారపడినవాళ్లు ఎంతమంది?" అన్నాను. ఆమె వేళ్లు మడిచి పదకొండు అంది. ఫారంలో నాలుగు గళ్లే ఉన్నాయి. పక్కన కూర్చున్న ఇద్దరు పిల్లల్ని రాసి, మిగతావాళ్లు "ఈ ఇంట్లో ఉండరు" కాబట్టి వదిలేశాను. ఆ తొమ్మిది మందిలో ఎవరున్నారో తర్వాత తెలిసింది. తల్లి, తల్లికి పెంపకం ఇచ్చిన పెద్ద కొడుకు, చదువుకని ఇక్కడికే రాబోతున్న చెల్లెలు, జైలు నుంచి రోజూ ఫోన్ చేసే తమ్ముడు, వాడి పిల్లలు... నెలనెలా వీళ్లందరికీ డబ్బో, డైపర్ల పెట్టెలో, ఫోన్‌లో గంటల కొద్దీ ఓదార్పో వెళ్లేది ఆ వంటింటి నుంచే.

ఆ రోజే ఇంకోటి గమనించాను. నాలుగేళ్ల కూతుర్ని ఆమె "అనానా" అని పిలుస్తోంది. అనానా అంటే అమ్మ. మనం ముద్దుగా పిల్లని "అమ్మా, తల్లీ" అన్నట్టే అనుకున్నాను. కాదు. ఆ పాపకి పెట్టింది చనిపోయిన ఒక ముసలమ్మ పేరు. ఆ ముసలమ్మ ఈమెని పెంచిన తల్లి. పేరుతోపాటు చుట్టరికం కూడా వస్తుంది. ఆ పాప ఇప్పుడు ఆమెకి అమ్మ స్థానంలో ఉంది, ముసలమ్మ పిల్లలందరికీ కూడా అంతే. ఉత్తరాన అరవై ఏళ్ల పెద్దాయన ఒకాయన ఈ పాపని అమ్మా అని పిలిచి, పుట్టినరోజుకి చేతనైనది పంపిస్తాడు. మన దగ్గర మనవడికి తాత పేరు పెట్టుకుని "పేరు పెట్టి తిట్టలేం" అనే ఇళ్లున్నాయి కదా, అది గుర్తొచ్చింది. కానీ ఇక్కడ అది ఇంకా చాలా లోతు. అలాంటి పాపని ప్రభుత్వం తీసుకెళ్లి ముక్కూమొహం తెలియని ఫోస్టర్ ఇంట్లో, అంటే పెంచడానికి అప్పగించిన పరాయి ఇంట్లో, పెడితే ఊడేది ఒక తల్లీబిడ్డల బంధమే కాదు, ఎంతమందికో అమ్మ పోయినట్టు.

పెంపకం ఇవ్వడం కూడా ఇలాగే అర్థం చేసుకోండి. మొదటి బిడ్డని అమ్మమ్మకో, పిల్లల్లేని అక్కకో ఇవ్వడం అక్కడ మామూలు. దాపరికం ఉండదు, కన్నదెవరో పెంచేదెవరో పిల్లకి తెలుసు. నూనవుట్‌లో దీన్ని గుర్తించే చట్టమే ఉంది, కోర్టుకి వెళ్లక్కర్లేదు, స్థానిక కమిషనర్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇది తెలియని వర్కర్ "గతంలో ఒక బిడ్డను వదులుకున్నారు" అని ఫైలులో రాస్తే, ఆ వాక్యం ఆమెని పదేళ్లు వెంటాడుతుంది.

ఇది ఊరికే సాంస్కృతిక విశేషం అనుకోకండి. 2021 లెక్కల్లో పదిహేనేళ్ల లోపు పిల్లల్లో మూలవాసుల పిల్లలు 7.7 శాతం. ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లల్లో మాత్రం 53.8 శాతం వాళ్లే. ఇది కెనడా మూలవాసుల్లోని మూడు వర్గాలు, ఫస్ట్ నేషన్స్, మేటీ, ఇనూయిట్, ముగ్గురూ కలిపిన అంకె. మూలవాసుల పిల్లల సంరక్షణ గురించి 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ చట్టం ఒకటుంది, మీ క్లాసులో సి-92 అని చెప్పి ఉంటారు. అందులో రెండు మాటలు బట్టీ పట్టండి. ఒకటి, పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం, తల్లిదండ్రుల అనారోగ్యం, కేవలం వీటి వల్లనే పిల్లల్ని తీసుకెళ్లకూడదు. రెండు, "కుటుంబం" అంటే ఆ జాతి ఆచారం ప్రకారం దగ్గరి చుట్టంగా లెక్కించేవాళ్లూ కుటుంబమే. అంటే పేరు వల్ల వచ్చిన చుట్టరికం గురించి మీరు ఫైలులో రాస్తే దానికి చట్టం దన్ను ఉంది. రాయకపోతే అలాంటి చుట్టం లేనట్టే. పిల్లని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న వచ్చిన రోజున ఆ ఒక్క లైను పనికొస్తుంది.

సిటీకి వచ్చాక ఏమవుతుందో కూడా చెప్పాలి. ఒట్టావాలో ఇల్లున్న ఇనూయిట్ మహిళ ఇల్లు తొందర్లోనే సత్రం అవుతుంది. చెకప్‌కి వచ్చిన మేనత్త, కాలేజీకి వచ్చిన తమ్ముడు, పురిటికి వచ్చిన వదిన, అందరూ దిగేది అక్కడే. వైద్యం కోసం వచ్చేవాళ్లకి లార్గా బాఫిన్ లాంటి బోర్డింగ్ హోమ్ ఉంది గానీ, చుట్టం ఇంట్లో టీ, సొంత భాష ఉంటాయి కదా. ఆమె కాదనదు, కాదనడం మర్యాద కాదు. అద్దె ఒప్పందంలో మాత్రం నలుగురే ఉండాలని ఉంటుంది. ఇంటివాడు నోటీసు ఇస్తాడు. అటు ఊళ్లో వదులుకున్న ప్రభుత్వ ఇల్లు మళ్లీ దొరకాలంటే క్యూ చివర నిలబడాలి. ఇక్కడ ఉండనివ్వరు, అక్కడికి పోనివ్వరు. మాంట్రియల్‌లో వీధుల్లో కనిపించే ఇనూయిట్ మహిళల్లో కొందరి కథ ఇలాగే మొదలైంది.

అలాగని అందరిదీ ఏడుపే అనుకుని వెళ్లకండి, అది ఇంకో తప్పు. హాయిగా చదువుకోవడానికి, ఉద్యోగానికి, కొత్త చోటు చూడాలని వచ్చిన అమ్మాయిలు చాలామంది. ఒట్టావాలో నూనవుట్ శివునిక్సావుట్ అనే కాలేజీ కార్యక్రమం 1985 నుంచి ఉంది, అక్కడ చదివిన పిల్లలు తర్వాత ప్రభుత్వం నడుపుతున్నారు. టుంగాసువ్వింగాట్ ఇనూయిట్ అనే సంస్థ 1987 నుంచి సిటీలో వీళ్లకి అండగా ఉంది. వానియేలో ఇనూఖతిగీట్ సెంటర్‌లో పసిపిల్లలకి ఇనుక్టిటుట్ పాటలు నేర్పుతారు. ఊళ్లో భారం మోయలేక కాస్త ఊపిరి పీల్చుకుందామని వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకామె నాతో అంది, "ఇక్కడ ఫోన్ ఆపేస్తే ఓ గంట నేను ఎవరికీ ఏమీ కాను" అని. అందులో తప్పు పట్టడానికేం లేదు. మగవాళ్లూ చూసుకుంటారు, వేటాడి తెచ్చి ఊరంతా పంచేవాళ్లు ఉన్నారు. అది కూడా చాకిరీయే. నేను చూసింది ఎక్కువ ఆడవాళ్లని కాబట్టి వాళ్ల గురించే చెబుతున్నాను.

ఇంటర్వ్యూలో ఏం అడగాలన్నారు. "ఇంట్లో ఎంతమంది ఉంటారు" దగ్గర ఆగిపోకండి. "మీరు ఎవరెవర్ని చూసుకుంటారు, ఎక్కడున్నా సరే?" అని అడగండి. "మీరు ఇక్కడుంటే అక్కడ వాళ్లని ఎవరు చూస్తున్నారు?" "పాపకి ఎవరి పేరు పెట్టారు?" ఈ మూడో ప్రశ్నకి వచ్చే జవాబు కోసం అరగంట ఖాళీ ఉంచుకోండి. జవాబు చెప్పే ముందు మౌనం ఉంటే దాన్ని నింపకండి. మనకి ఆ అలవాటు బొత్తిగా లేదు, నాకైతే నాలుక కొరుక్కోవాల్సి వచ్చేది.

ముఖ్యంగా ముఖం చూడండి. కనుబొమలు ఎత్తితే "అవును", ముక్కు చిట్లిస్తే "కాదు". నాకిది తెలియక మొదటి నెలలో ఒకావిడని ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగాను. ఆవిడ మూడుసార్లూ కనుబొమలు ఎత్తింది. నేను "సమాధానం చెప్పడం లేదు" అని నోట్స్‌లో రాశాను. తర్వాత దుబాసీగా వచ్చినామె ఆ నోట్స్ చూసి నవ్వాపుకోలేకపోయింది. సిగ్గుతో దిద్దుకున్నాను.

"ఎస్కిమో" అన్న మాట పొరపాటున కూడా వాడొద్దు, ఇక్కడ అది అవమానం. ఒక్కరైతే ఇనుక్, చాలామందైతే ఇనూయిట్. వీళ్లు ఫస్ట్ నేషన్స్ కాదు, ఫారంలో ఆ గడి వేరేగా ఉంటుంది, చూసి టిక్ పెట్టండి.

ఇంటికి వెళ్లినప్పుడు బూట్లు గుమ్మంలోనే విప్పండి, ఆ మాట మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఓ టీ పొడి ప్యాకెట్ తీసుకెళ్తే సంతోషిస్తారు, కానీ మీ ప్లేస్‌మెంట్ రూల్స్ ఒప్పుకుంటాయో లేదో ముందు కనుక్కోండి. పచ్చి చేపో, కారిబూ (ఉత్తరాది జింక) మాంసమో పెడితే ముఖం ముడవకండి, ఉత్తరం నుంచి ఎంతో ఖర్చుపెట్టి తెచ్చుకున్నది మీకు పెడుతున్నారు. నేను శాకాహారిని. మొదటిసారి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియక టెన్షన్ పడుతుంటే, ఇంటి పెద్దావిడ నా ముఖం చూసి కనుబొమలు ఎత్తి, ఇంగ్లీషులో ఒక్క మాట అడగకుండా బానక్ రొట్టె రెండు ముక్కలు వేడిచేసి, చిక్కటి టీతో నా ముందు పెట్టింది.

ప్లేస్‌మెంట్ మొదలయ్యాక ఏదైనా సందేహం వస్తే ఈ జవాబు కిందే అడగండి. కేసు వివరాలు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.